రష్యన్ ‘కతోరియ్’ను మరాఠీ ‘జో’ మీదుగా నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

విదేశాల్లో వైద్యవిద్యకు వెళ్లే పిల్లల కోసం మీ విద్యా పేజీలో వేస్తున్న రష్యన్ పాఠాలను తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్లలో శ్రద్ధగా చదువుతున్నారు, కత్తిరించి దాచుకుంటున్నారు. అందుకే ఒక పాఠం గురించి రాయక తప్పడం లేదు. సంబంధ సర్వనామం ‘కతోరియ్’ను ఆ పాఠం ఒక్క వాక్యంలో ముగించింది: ఇంగ్లీషులో హూ, విచ్, దట్ ఎలాగో రష్యన్‌లో కతోరియ్ అలాగేనని. ఇంగ్లీషు దట్‌కు లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు. చాలాచోట్ల ఆ మాటను వదిలేసినా వాక్యం నిలుస్తుంది. కతోరియ్‌కు ఈ మూడూ ఉన్నాయి, దాన్ని వదిలేస్తే వాక్యమే నిలవదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవాళ్లు ఈ ఒక్క మాట దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు. మా సరిహద్దు పిల్లలకు అంతకన్నా దగ్గరి దారి ఉంది. బడిలో చదివిన మరాఠీ, ఇంట్లో మాట్లాడే తెలుగు, ఈ రెండూ కలిస్తే కతోరియ్‌కు కావలసినదంతా వాళ్ల దగ్గరే ఉంటుంది.

వైద్యం ఇంగ్లీషులోనే చెబుతారు కదా, రష్యన్ వ్యాకరణం ఇంత లోతుగా ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం బోధన ఇంగ్లీషులో ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు సాగాలి. అది నిజమే. కానీ దవాఖానలో మంచం మీదున్న రోగి ఇంగ్లీషు మాట్లాడడు. నిన్న వచ్చిన రోగి, జ్వరం ఉన్న రోగి, తల నొస్తున్న రోగి అని చెప్పాలన్నా, చెబితే అర్థం చేసుకోవాలన్నా కతోరియ్ రావాలి.

పత్రికలో రష్యన్ లిపి వేయడం కష్టం కాబట్టి మాటలను తెలుగు లిపిలో, వినపడే తీరుకు దగ్గరగా రాస్తున్నాం. విద్యార్థులు మాత్రం నోటుపుస్తకంలో రష్యన్ లిపిలోనే రాసుకోవాలి. కతోరియ్ మాటలో ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, ఎప్పుడూ ‘తో’ మీదే ఉంటుంది. ఊనిక లేని ‘ఒ’ దాదాపు ‘అ’లా వినిపిస్తుంది. అందుకే రాతలో వేరైన రెండు రూపాలు చెవికి ఒకేలా తోస్తాయి. చెవి మీద ఆధారపడి రాస్తే తప్పు ఖాయం.

ముందుగా ఇబ్బంది ఎక్కడ పుడుతుందో చూడాలి. ఈ అయిదు తెలుగు మాటలు చూడండి: వచ్చిన రోగి, డాక్టరు చూసిన రోగి, డాక్టరు మందిచ్చిన రోగి, డాక్టరు మాట్లాడిన రోగి, జ్వరం ఉన్న రోగి. వచ్చినవాడు కర్త. చూసింది అతన్ని. మందిచ్చింది అతనికి. మాట్లాడింది అతనితో. జ్వరం ఉన్నది అతనికి. మన ధాతుజ విశేషణం (‘వచ్చిన’, ‘చూసిన’ లాంటి మాట) ఈ సంబంధాలన్నిటినీ మింగేసి, అయిదుచోట్లా ఒకే తీరులో నిలబడుతుంది. ని, కి, తో ఎక్కడా పైకి కనిపించవు. తెలుగులో అది సొగసు. రష్యన్‌లో ఆ అయిదింటిలో ప్రతిదీ బయటపడాలి:

బల్నోయ్, కతోరియ్ ప్రిషోల్: వచ్చిన రోగి.
బల్నోయ్, కతోరవ అస్మత్ర్యేల్ వ్రాచ్: డాక్టరు చూసిన రోగి.
బల్నోయ్, కతోరము వ్రాచ్ దాల్ లికార్స్త్వ: డాక్టరు మందిచ్చిన రోగి.
బల్నోయ్, స్ కతోరిం గవరీల్ వ్రాచ్: డాక్టరు మాట్లాడిన రోగి.
బల్నోయ్, ఉ కతోరవ తెంపెరతూర: జ్వరం ఉన్న రోగి.

సూత్రం చిన్నదే. లింగం, వచనం బయటి నామవాచకం నుంచి వస్తాయి. విభక్తి మాత్రం ఉపవాక్యం లోపల ఆ మాట చేసే పనిని బట్టి వస్తుంది. మొదటి సగం పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. రెండో సగంలో జారిపోతారు. ‘ఇక్కడ ఉండే విద్యార్థిని నాకు తెలుసు’ అనడానికి ‘యా జ్నాయు స్తుద్యెంత్కు, కతోరుయు జివ్యోత్ జ్ద్యేస్’ అని రాస్తారు. స్తుద్యెంత్కు ద్వితీయలో ఉంది కాబట్టి కతోరుయు కూడా ద్వితీయలో ఉండాలనుకుంటారు. అంతకుముందు పాఠాల్లో విశేషణం ప్రతిచోటా నామవాచకం విభక్తినే పట్టుకుని నడుస్తుందని నేర్చుకున్నారు, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. ఇక్కడ ఉండేది ఆమె, అంటే ఉపవాక్యానికి ఆమే కర్త. కాబట్టి ‘కతోరయా జివ్యోత్ జ్ద్యేస్’ అనాలి.

మరాఠీ ఎందుకంటున్నామో ఇక్కడ తెలుస్తుంది. ‘జో ముల్గా కాల్ ఆలా, తో మాఝా భావూ ఆహే’ (నిన్న వచ్చిన అబ్బాయి నా తమ్ముడు) అనే వాక్యం మా పిల్లల నోట రోజూ వచ్చేదే. మరాఠీలో పుంలింగానికి జో, స్త్రీలింగానికి జీ, నపుంసకానికి జే. రష్యన్‌లో కతోరియ్, కతోరయా, కతోరయె. మూడుకు మూడు సరిపోతాయి. హిందీ ‘జో’కు లింగభేదం లేదు, హిందీలో ఉన్నవే రెండు లింగాలు. ఈ విషయంలో మరాఠీయే దగ్గరిది. అయితే ‘జ్యా రోగ్యాలా’ (ఏ రోగికి) అని నామవాచకానికి ముందు పెడితే జ్యా అన్ని లింగాలకూ ఒకటే అయిపోయి తేడా కనపడదు. అభ్యాసం చేయించేటప్పుడు ‘తో రోగీ, జ్యాలా...’, ‘తీ ముల్గీ, జిలా...’ అనే వరుసలోనే చెప్పించాలి. అప్పుడు లింగం కనిపిస్తుంది, మాటల వరుస కూడా రష్యన్ వరుసకు సరిపోతుంది.

ఇంతవరకు మరాఠీ సాయం. విభక్తి దగ్గరికి వచ్చేసరికి మరాఠీని ఒంటరిగా నమ్మకూడదు, తెలుగును పక్కన పెట్టుకోవాలి. మరాఠీ ‘లా’ రెండు పనులు చేస్తుంది: ‘జ్యాలా పాహిలం’ అంటే ఎవరిని చూశారో, ‘జ్యాలా దిలం’ అంటే ఎవరికి ఇచ్చారో. రష్యన్‌లో మొదటిది కతోరవ, రెండోది కతోరము. తెలుగులో ‘ఎవరిని’, ‘ఎవరికి’ స్పష్టంగా వేరు. కాబట్టి ప్రతి ధాతుజ విశేషణాన్నీ మన ‘ఎవరు... ఓ ఆ’ వాక్యంగా విప్పమనాలి. ‘డాక్టరు మందిచ్చిన రోగి’ని ‘ఎవరికి డాక్టరు మందిచ్చారో ఆ రోగి’గా మార్చగానే దాగి ఉన్న ‘కి’ బయటికి వస్తుంది. ‘ఉల్లిగడ్డ కోసిన కత్తి’ని ‘దేనితో ఉల్లిగడ్డ కోశారో ఆ కత్తి’ అంటే ‘తో’ కనిపిస్తుంది, కతోరిం అని తేలుతుంది. పనిముట్టుకు రష్యన్‌లో ఒట్టి తృతీయ చాలు, ముందు ‘స్’ పెట్టకూడదు. మనిషితో కలిసి చేసిన పనికే ‘స్ కతోరిం’.

మరాఠీ నుంచి వచ్చే పెద్ద ఉచ్చు ‘నే’. ‘జ్యా చాకూనే కాపలం’ (ఏ కత్తితో కోశారో)లో ‘నే’ పనిముట్టును చెబుతుంది. ‘జ్యానే పుస్తక్ వాచలం’ (ఎవరు పుస్తకం చదివారో)లో అదే ‘నే’ భూతకాలపు కర్తను చెబుతుంది. రెండింటినీ ఒకటే అనుకున్న విద్యార్థి ‘స్తుద్యెంత్, కతోరిం ప్రచితాల్ క్నీగు’ అని రాస్తాడు. అది తప్పు. పుస్తకం చదివింది అతనే కాబట్టి ప్రథమా విభక్తి కతోరియ్ రావాలి. పరీక్షించే తీరు సులభం: వాక్యాన్ని వర్తమానంలోకి మార్చాలి. ‘జో పుస్తక్ వాచతో’ అనగానే కర్త మీది ‘నే’ రాలిపోతుంది, ‘చాకూనే కాపతో’లో ‘నే’ అలాగే ఉంటుంది. రాలిపోయే ‘నే’కు ప్రథమ, నిలిచే ‘నే’కు తృతీయ.

జ్వరం, నొప్పి విషయంలో తెలుగు, మరాఠీ రెండూ తప్పుదారి పట్టించగలవు. మనం ‘ఎవరికి జ్వరం ఉందో’ అంటాం, మరాఠీలో ‘జ్యాలా తాప్ ఆహే’ అంటారు. రష్యన్‌లో అక్కడ చతుర్థి (‘ఎవరికి’ అనే రూపం, కతోరము) రాదు. ‘ఉ’ అనే ఉపసర్గ (నామవాచకానికి ముందు వచ్చే చిన్నమాట, ఇంగ్లీషు ప్రిపోజిషన్) పెట్టి షష్ఠి (‘ఎవరి’ అనే రూపం) వాడాలి: బల్నోయ్, ఉ కతోరవ తెంపెరతూర. తల నొస్తున్న రోగి ‘బల్నోయ్, ఉ కతోరవ బలీత్ గలవా’, స్త్రీ అయితే ‘బల్నాయా, ఉ కతోరయ్ బలీత్ గలవా’. వార్డులో అన్నిటికన్నా ముందు అవసరమయ్యే ఈ మాటనే మామూలు పాఠాల్లో చివరికి నెట్టేస్తున్నారు. దీన్ని మొదటి పాఠాల్లోకి తేవాలి.

రోగి అనే మాటను ఉదాహరణగా ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. బల్నోయ్ నిజానికి నామవాచకంగా వాడే విశేషణం, దాని విభక్తి రూపాలు కతోరియ్ రూపాల బాటలోనే నడుస్తాయి: బల్నోవ, కతోరవ, బల్నోము, కతోరము. రాతలో చివరి అక్షరాలు ఒక్కటే, ఊనిక మారడం వల్ల వినికిడి కొద్దిగా మారుతుంది. జాగ్రత్త పడాల్సింది ప్రథమలో. బల్నోయ్ పుంలింగం. దాని చివర చూసి పిల్లలు సర్వనామాన్ని కూడా అలాగే కతోరయ్ అని రాసేస్తారు. అది స్త్రీలింగపు రూపం, అదీ ప్రథమ కాదు.

లింగం ఎలా తెలుస్తుందన్నది వేరే సంగతి. మరాఠీలో మూడు లింగాలున్నంత మాత్రాన ఏ వస్తువు ఏ లింగమో రెండు భాషల్లోనూ ఒకటిగా ఉండదు. మరాఠీ పుస్తక్, రక్త్, హాడ్ (ఎముక) నపుంసకాలు. రష్యన్‌లో క్నీగ, క్రోఫ్, కోస్త్ మూడూ స్త్రీలింగాలు. హల్లుతో ముగిస్తే పుంలింగం, ‘అ’, ‘య’తో ముగిస్తే స్త్రీలింగం, ‘ఒ’, ‘ఎ’తో ముగిస్తే నపుంసకం అన్న గుర్తు చాలావరకు పనిచేస్తుంది. మెత్తని గుర్తుతో (ముందున్న హల్లును మెత్తగా పలకాలని చెప్పే రష్యన్ అక్షరంతో) ముగిసే మాటలను మాత్రం ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోవాలి. నొప్పి అనే బోల్, వ్యాధి అనే బల్యేజ్న్ స్త్రీలింగాలు, దగ్గు అనే కాషెల్ పుంలింగం. వ్రాచ్ వ్యాకరణరీత్యా పుంలింగం. డాక్టరమ్మ గురించైనా రాతలో ‘వ్రాచ్, కతోరియ్’ అనడం చెల్లుతుంది.

ప్రాణి, అప్రాణి తేడా తెలుగు పిల్లలకు కొత్తది కాదు. ‘పుస్తకం కొన్నాను’ అంటే చెల్లుతుంది, ‘తమ్ముడు చూశాను’ అంటే చెల్లదు, ‘తమ్ముణ్ని’ అనాలి. రష్యన్ పుంలింగంలోనూ వస్తువుకు ద్వితీయ ప్రథమలాగే ఉంటుంది: ‘నోష్, కతోరియ్ యా కుపీల్’, నేను కొన్న కత్తి. మనిషికి, జంతువుకు ద్వితీయ షష్ఠిలా ఉంటుంది: కతోరవ. స్త్రీలింగ ఏకవచనంలో ఈ తేడా లేదు, మనిషైనా వస్తువైనా కతోరుయు. బహువచనంలో అన్ని లింగాలకూ తేడా తిరిగి వస్తుంది: వస్తువులకు కతోరియె, ప్రాణులకు కతోరిఖ్.

‘ఎవరి’ అనే సంబంధం దగ్గర మళ్లీ మరాఠీ సగమే సాయపడుతుంది. ‘తీ ముల్గీ, జిచా భావూ’లో ‘జి’ అక్కను చూపుతుంది, ‘చా’ తమ్ముణ్ని చూపుతుంది. రష్యన్ ఆ మొదటి సగాన్నే ఉంచుకుంటుంది. పైగా సర్వనామాన్ని వస్తువుకు ముందు కాక వెనక పెడుతుంది: ‘స్తుద్యెంత్క, బ్రాత్ కతోరయ్ రబోతయెత్ వ్ బల్నీత్సె’, ఎవరి తమ్ముడు దవాఖానలో పనిచేస్తాడో ఆ విద్యార్థిని. బ్రాత్ పుంలింగమని చూసి కతోరవ అని రాయడం, కతోరయ్‌ను బ్రాత్‌కు ముందు పెట్టడం, ఈ రెండూ మరాఠీ నుంచి వచ్చే తప్పులే.

ఉపసర్గ ఉంటే అది కతోరియ్‌ను వదలదు, దానికి ముందే వస్తుంది. కామా ఉపసర్గకు ముందు పడాలి గానీ మధ్యలో పడకూడదు: ‘బల్నీత్స, ఫ్ కతోరయ్ ఓన్ రబోతయెత్’, అతను పనిచేసే దవాఖాన. రాతలో ఈ ఉపసర్గ ‘వ్’, ‘క’ ముందు వచ్చినప్పుడు ‘ఫ్’లా పలుకుతుంది. ఉపవాక్యం అయిపోయి ప్రధాన వాక్యం కొనసాగితే రెండో కామా కూడా కావాలి. దాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. ఇంగ్లీషులో అర్థాన్ని బట్టి కామా పెట్టడం, మానడం ఉంటుంది. రష్యన్‌లో ఆ ఎంపిక లేదు, కతోరియ్ ఉపవాక్యానికి కామా ఎప్పుడూ తప్పనిసరి. ఉపసర్గ ఒకటే అయినా విభక్తి మారితే అర్థం మారుతుంది: ‘దోమ్, ఫ్ కతోరియ్ ఓన్ వషోల్’ అంటే అతను లోపలికి వెళ్లిన ఇల్లు, ‘దోమ్, ఫ్ కతోరం ఓన్ జివ్యోత్’ అంటే అతను ఉంటున్న ఇల్లు. స్థలం గురించైతే గ్ద్యే (ఎక్కడ), కుదా (ఎక్కడికి), అత్కుదా (ఎక్కడినుంచి) అన్నా చెల్లుతుంది. మరాఠీ జిథే, జిథూన్ తెలిసినవాళ్లకు వాటి గురించి వేరే చెప్పనక్కరలేదు.

నామవాచకం తర్వాత మనిషైనా సరే కతోరియ్ రావాలి. ‘చిలవ్యేక్, క్తో’ (మనిషి, ఎవరు) అనేది ఇంగ్లీషు హూ నుంచి పుట్టిన తప్పు. క్తో, ష్తో వచ్చేది తోత్ (అతను), ఫ్సే (అందరూ), ఫ్స్యో (అంతా) లాంటి సర్వనామాలతో: ‘తోత్, క్తో’; ‘ఫ్సే, క్తో’; ‘ఫ్స్యో, ష్తో’. దీనికి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1936 సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలో ‘క్తో నె రబోతయెత్, తోత్ నె యెస్త్’ (ఎవరు పని చేయరో వారు తినరు) అన్న సూత్రం ఉంది. మరాఠీలో ‘జో కామ్ కరత్ నాహీ, తో ఖాత్ నాహీ’ అంటే మాటకు మాట అతుకుతుంది. అదే సూత్రం 1918 సోవియట్ రష్యా రాజ్యాంగం 18వ అధికరణంలో ధాతుజ విశేషణంతో ఉంది, ‘నె త్రుద్యాష్షియ్‌స్య’ అని. అది మన ‘పని చేయనివాడు’కు సరిజోడు. అంటే రష్యన్‌లో మరాఠీ కట్టూ ఉంది, తెలుగు కట్టూ ఉంది.

ఆ తెలుగు కట్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైద్య పాఠ్యపుస్తకాల్లో అది విరివిగా కనిపిస్తుంది. ‘నజ్నాచెన్నయె వ్రచోం లికార్స్త్వ’ అంటే డాక్టరు రాసిన మందు. వరుస అచ్చం మనదే, నామవాచకానికి ముందు వస్తే కామా కూడా అక్కరలేదు. కానీ మనం ‘డాక్టరు’ అని ప్రథమలో వదిలేస్తాం, రష్యన్‌లో వ్రచోం అని తృతీయ పెట్టాలి. ఇంకా ముఖ్యమైన తేడా విభక్తిది. కతోరియ్ తన విభక్తిని లోపలి నుంచి తీసుకుంటే, ధాతుజ విశేషణం బయటి నామవాచకం నుంచి తీసుకుంటుంది. ‘మధుమేహంతో బాధపడుతున్న రోగికి డాక్టరు సాయం చేశాడు’ అనే వాక్యంలో ‘బల్నోము, కతోరియ్ స్త్రదాయెత్ దియబ్యేతం’ అన్నది, విశేషణంగా మార్చగానే ‘బల్నోము, స్త్రదాయుష్షిము దియబ్యేతం’ అవుతుంది. ప్రథమ కాస్తా చతుర్థి అయింది. మార్పిడి అభ్యాసాల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఈ కట్టు తెలుగువాళ్లకు ఎంత సహజంగా అనిపించినా దాని పరిధి చిన్నది. కతోరియ్ ప్రథమలో ఉంటే కర్తరి విశేషణంగా, ఉపసర్గ లేని ద్వితీయలో ఉంటే కర్మణి విశేషణంగా మార్చవచ్చు. కతోరము, కతోరిం, ఫ్ కతోరం, ఉ కతోరవ వీటిని మార్చడానికి వీల్లేదు. ‘డాక్టరు మందిచ్చిన రోగి’ని తెలుగులో లాగా విశేషణంతో చెప్పాలని చూస్తే, మందు ఇచ్చింది రోగే అన్న అర్థమొస్తుంది. భవిష్యత్తుకు విశేషణమే లేదు: ‘రేపు వచ్చే రోగి’కి కతోరియ్ ఒక్కటే గతి. మాటల్లోనైతే అన్నిచోట్లా కతోరియ్ వాడటమే సహజం. విశేషణాలను చదివి అర్థం చేసుకోవడం ముందు నేర్పి, వాటితో రాయడం తర్వాత నేర్పాలి.

తరగతిలో చేయించాల్సిన అభ్యాసం రెండు పొట్టి వాక్యాలను కలపడమే. ‘వోత్ బల్నోయ్. వ్రాచ్ దాల్ బల్నోము లికార్స్త్వ.’ (ఇడుగో రోగి. డాక్టరు రోగికి మందిచ్చాడు.) రెండో వాక్యంలో తిరిగి వచ్చిన నామవాచకం కింద గీత గీయాలి. దాని విభక్తి పేరు పైన రాయాలి. అదే విభక్తిలో కతోరియ్ రూపాన్ని పెట్టి, ఉపసర్గ ఉంటే దానితో సహా ఉపవాక్యం ముందుకు తేవాలి. కామా పెట్టాలి. ఆ గీతా, విభక్తి పేరూ లేకుండా నేరుగా జవాబు రాసేవాళ్లే బయటి విభక్తిని కాపీ కొడతారు. కాబట్టి మొదట్లో ఆ రెంటినీ వదలనివ్వకూడదు. కతోరియ్‌ను దాని నామవాచకానికి ఆనించి ఉంచాలి. పక్కపక్కన రెండు నామవాచకాలుంటే లింగమే తేలుస్తుంది: ‘సిస్త్రా వ్రచా’ (డాక్టరుగారి అక్క)లో ‘సిస్త్రా వ్రచా, కతోరయా’ అంటే అక్క గురించి, ‘సిస్త్రా వ్రచా, కతోరియ్’ అంటే డాక్టరు గురించి.

మీ పత్రికను కోరేది ఇది. తర్వాతి పాఠంలో కతోరియ్ పట్టికను పూర్తిగా, రష్యన్ లిపిలో, ఊనిక గుర్తుతో వేయండి. 6 విభక్తులు, 3 లింగాలు, బహువచనం కలిపి 24 గడులు. చూస్తే భయం వేస్తుంది గానీ అందులో వేర్వేరు రూపాలు 12 మాత్రమే, కొత్త అనే అర్థమిచ్చే నోవియ్‌కు వచ్చే ప్రత్యయాలే దీనికీ వస్తాయి. ఒక్కో గడిలో ఒక్కో ఉదాహరణ పెట్టి, పక్కన తెలుగు ‘ఎవరికి... ఓ ఆ’ రూపాన్నీ, మరాఠీ ‘జ్యాలా, జిలా’ రూపాన్నీ ఇవ్వండి. మరాఠీ రాని తెలంగాణ వైపు పిల్లలకు తెలుగు వరుస ఒక్కటే విభక్తి పట్టుకోవడానికి చాలుతుంది. ‘నే’, ‘లా’ల ఉచ్చుల గురించి పట్టిక కింద రెండు మాటలు వేస్తే, శిక్షణ కేంద్రాల్లో చెప్పేవాళ్లకు కూడా పనికొస్తుంది.

ఇట్లు,
రష్యన్ భాష నేర్పేవారు,
దెగ్లూరు, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర